పెద్దాయన టార్చిలైటు గురించి రాస్తే ఉద్యమానికొచ్చిన నష్టమేంటి?



పోయిన వారం స్కాలర్‌షిప్పుల గురించి రాశాను. ఈ వారం విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పోస్టు పెద్దదే. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

మన రచయిత ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. రెండు కథల సంపుటాలు వేసి, ఉద్యమం వేడిగా ఉన్న రోజుల్లో గోడల మీద తన చేత్తో నినాదాలు రాసిన మనిషి. ఏడాదిగా ఆయన రోజూ పొద్దున్నే ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాస్తున్నారు. పొద్దున రాగిజావ తాగాననీ, డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడనీ, ఉప్పు లేని చింతచిగురు పప్పు తినడం కంటే జైలుకి పోవడం నయమనీ. ఇంకోరోజు టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు తీసుకుని, ఇసక కుప్పగా పోసుకుని దానిమీద కూర్చుంటే వెనకవాళ్ళు తిట్టిన తిట్లు. ఇంకోరోజు హాస్టల్లో సొట్టలు పడిన సత్తు పళ్ళెం మీద మేకుతో చెక్కుకున్న పేరు. అరవై మంది చదివేవాళ్ళు, పదిమంది లైకు కొట్టేవాళ్ళు.

ఒకరోజు ఆయన తన మొదటి కథకి వచ్చిన డబ్బు గురించి రాశారు. ఆ పోస్టు కింద మన కుర్రాడే ఒకడు కామెంటు పెట్టాడు: "సార్, మనవాళ్ళ మీద రోజుకో దాడి జరుగుతుంటే మీరు టార్చిలైటు గురించి రాస్తున్నారు. ఈ టైంపాస్ రాతలు అగ్రహారం వాళ్ళకి వదిలెయ్యండి. మీ కలంలో కసి ఏమైంది?" ఆయన పోస్టుకి వచ్చిన లైకుల కంటే ఈ కామెంటుకి వచ్చినవి ఎక్కువ.

ఆ మర్నాటి నుంచి ఆయన రాయలేదు. పది రోజులు చూసి ఫోన్ చేశాను. "ఇంకెందుకులేమ్మా డాక్టరమ్మా, ఆ అబ్బాయి అడిగినదాంట్లో తప్పేముంది" అన్నారు.

తప్పుంది మాస్టారూ. ఆ తప్పేమిటో చెప్పడానికే ఈ పోస్టు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడి ప్రశ్న నిజాయితీగా అడిగిన ప్రశ్న. అందుకే జవాబు కూడా నిజాయితీగా ఉండాలి.

ముందు నేను క్లాసులో పాఠం చెప్పే పుస్తకాల సంగతి. తెలుగులో జ్ఞాపకాల సాహిత్యం అనగానే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' చెప్తాం. ఆదిభట్ల నారాయణదాసు 'నా యెఱుక' చెప్తాం. దాశరథి రంగాచార్య 'జీవనయానం' చెప్తాం. మొన్నమొన్నటి ముళ్ళపూడి వెంకటరమణ 'కోతి కొమ్మచ్చి' వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే జనం ఎగబడి చదివారు. ఇవి మంచి పుస్తకాలు కావని నేను అనను. శ్రీపాద వచనం చదువుతుంటే ఆ నుడికారానికి నేనూ తల ఊపుతాను. వాటి నిండా ఉన్నవి చిన్న విషయాలే. ఏ ఊళ్ళో ఎవరింట్లో భోజనం ఎలా ఉంది, ఏ రైలు తప్పిపోయింది, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఏ స్నేహితుడు ఎలా ఆటపట్టించాడు. వీళ్ళనెవరూ "దీనివల్ల సమాజానికేం ఒరిగింది" అని అడగలేదు. పైగా మా విమర్శకులు వాటికి గొప్ప పేరు పెట్టారు. సామాజిక చరిత్ర అన్నారు. నిజమే కదా, సామాజిక చరిత్రే.

మరి మన పెద్దాయన టార్చిలైటు మాత్రం టైంపాస్ ఎలా అయింది? అది వాళ్ళు పెట్టిన పేరు కాదు. మనమే పెట్టాం. బాధ ఇదీ.

దళిత రచయిత దగ్గర జనం ఒకే సరుకు ఆశిస్తారు. గాయం. సభలకి పిలిచేది అందుకే, పత్రికలు ప్రత్యేక సంచికలకి అడిగేది అదే. "మీరు ఎదుర్కొన్న వివక్ష గురించి రెండు పేజీలు పంపండి సార్" అంటారు. మీకిష్టమైన కూర ఏది, కుర్రతనంలో ఏ హీరో పిచ్చి ఉండేది, మొదటిసారి సముద్రం చూసినప్పుడు ఏమనిపించింది అని ఒక్కరూ అడగరు. గాయం కాకపోతే విజయం అడుగుతారు. బోయి భీమన్న ఆత్మకథ పేరు 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు'. ఆ ప్రయాణం చిన్నది కాదు. 1911లో గోదావరి జిల్లాలో పుట్టిన దళిత బిడ్డ అంతదాకా నడిచి రావడం మామూలు మాట కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన జీవితం పుస్తకానికెక్కాలంటే కింద మెట్టు, పై మెట్టు రెండూ అట్ట మీదే కనిపించాలి. మధ్యలో మెట్టు మీద కాసేపు కూర్చుని చుట్ట కాల్చుకున్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. పై కులాల రచయితకి ఆ మెట్ల లెక్కే లేదు. ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడే సాహిత్యం.

జాషువా సంగతి తీసుకోండి. వినుకొండ, 1895, గబ్బిలం, తిరస్కారం, గండపెండేరం, పద్మభూషణ్. పరీక్షకి పిల్లలు ఇవి బట్టీపడతారు. 1915, 16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో సినిమా హాల్లో పనిచేశాడని చెప్తే నోరు తెరుస్తారు. అప్పటికి సినిమాలకి మాట లేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్తూ, సంభాషణలు చదువుతూ ఉండాలి. ఇరవై ఏళ్ళ జాషువా చేసిన ఉద్యోగం అది. నేను ఈ ముక్క చెప్పిన రోజు వెనక బెంచీ పిల్లలు కూడా ఫోను పక్కన పెడతారు. "మేడమ్, అయితే ఆయన డబ్బింగ్ ఆర్టిస్టన్నమాట" అన్నాడొకడు. అవునురా, అన్నమాటే. చీకట్లో మనిషి కనపడడు, గొంతు ఒక్కటే వినపడుతుంది. ఊళ్ళో పద్యం చదివితే "నీకెందుకురా పద్యం" అనే సమాజం హాలు చీకట్లో అదే కులం గొంతు విని ఏడ్చింది, నవ్వింది. ఆ తర్వాత జీవితమంతా సభల్లో పద్యం చదివి జనాన్ని కట్టిపడేసిన మనిషికి ఆ హాలు ఏం నేర్పి ఉంటుందో ఒక్క పరిశోధన చేసి చూడండి. మన విమర్శ మాత్రం ఆ రెండేళ్ళని ఒక వాక్యంలో దాటేసి అవమానాల దగ్గరికి పరిగెడుతుంది.

ఆయన 1960ల్లో 'నా కథ' అని తన జీవితాన్ని పద్యాల్లో రాసుకున్నాడు. కూతురు హేమలతా లవణం తండ్రి గురించి 'మా నాన్నగారు' అని విడిగా పుస్తకం రాసింది. మహాకవిని కూతురు చూసే చూపు వేరు. ఆ చూపు మన సాహిత్యానికి కావాలి.

"గాయం రాయొద్దంటున్నారా మేడమ్" అని అడిగేవాళ్ళుంటారు. అనట్లేదు. బాబాసాహెబ్ దగ్గరికి రండి.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చాలామంది చదివే ఉంటారు. 1930ల మధ్యలో ఆయన రాసుకున్న చిన్న జ్ఞాపకాల రాత. అందులో మొదటి జ్ఞాపకం 1901 నాటిది. తండ్రి దూరపు ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడు. పిల్లలు వేసవి సెలవులకి ఆయన దగ్గరికి రైలెక్కి వెళ్తున్నారు. స్టేషన్లో దిగాక తండ్రి పంపాల్సిన మనిషి రాలేదు. కులం తెలిసిన బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే, పిల్లలు తామే బండి తోలుకునే షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో ఎక్కడా తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఇంతవరకూ మనందరికీ గుర్తుంటుంది. కానీ బాబాసాహెబ్ దీనికి ముందు ఇంకో సంగతి రాశాడు. ఆ ప్రయాణానికి పిల్లలు ఎలా తయారయ్యారో. విలాయతీ చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు. ఇన్నేళ్ళ తర్వాత, కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి, ఇన్ని పోరాటాలు చేశాక కూడా ఆయనకి ఆ టోపీలు గుర్తున్నాయి.

ఆ టోపీలు తీసేసి చదవండి. దాహంతో ఉన్న అంటరాని పిల్లలు మిగులుతారు. జాలి కలుగుతుంది, అంతే. టోపీలతో చదవండి. పండక్కి వెళ్తున్నట్టు ముస్తాబై, మొదటిసారి రైలెక్కి, నాన్న దగ్గరికి వెళ్తున్నామని ఎగిరిగంతేసిన పిల్లలు కనిపిస్తారు. ఆ పిల్లల దగ్గర్నుంచి లాక్కున్నదేమిటో అప్పుడు తెలుస్తుంది. కాబట్టి టోపీ ముచ్చట వేరు, కులం బాధ వేరు అనుకోవద్దు. బాధ ఎంతదో కొలిచి చెప్పింది ఆ టోపీయే.

చివరి రోజుల్లో ఆయన వయొలిన్ నేర్చుకున్నాడని మనం ఇవాళ చెప్పుకుంటున్నాం. ఎలా తెలిసింది? ఆయన దగ్గరున్నవాళ్ళు ఇలాంటి చిన్న విషయాలని చిన్నవని వదిలెయ్యలేదు కాబట్టి. ఆయన దగ్గర పనిచేసిన నానక్‌చంద్ రత్తు చివరి సంవత్సరాల గురించి ఒక పుస్తకం రాశాడు. సవితా అంబేడ్కర్ మరాఠీలో తన జ్ఞాపకాలు రాసింది. ఇవి లేకపోతే మనకి విగ్రహం ఒక్కటే మిగిలేది. నీలం కోటు, చూపుడు వేలు.

ఇప్పుడు ఆ టార్చిలైటు సంగతి. ఆయన రాసింది ఇదీ. డెబ్బైల మొదట్లో మొదటి కథ అచ్చయి మనియార్డరు వచ్చింది. ఆ డబ్బుతో గుంటూరు వెళ్ళి మూడు సెల్లుల టార్చిలైటు కొన్నారు. అప్పటికి ఊళ్ళో కరెంటుంది. స్తంభాలు రామాలయం మలుపు తిరిగి పెద్దబజారు చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. వీళ్ళ పల్లె ఆ చివర నుంచి మూడొందల గజాలు. పల్లె మొత్తానికి అదే మొదటి టార్చి. కొన్నవాడి చేతిలో అది వారం కూడా లేదు. నీళ్ళ వంతుకి కాలవ మీదికి పోయేవాడు ఒకరాత్రి పట్టుకెళ్ళాడు. ఇంకోరాత్రి ఎవరికో నొప్పులొస్తే మంత్రసాని పట్టుకెళ్ళింది. కప్పులో పాము చప్పుడైందని ఒకరు, క్రిస్మస్ ముందురోజు పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళు ఒకసారి. సెల్లులు అయిపోతే పళ్ళెంలో పెట్టి ఎండలో ఆరబెట్టేవాళ్ళు. ఇంకో రెండు రోజులు వెలిగేది. "నా కథ ఎవరూ చదవలేదు, నా లైటు అందరూ వాడారు" అని ముగించారు.

ఈ పోస్టులో కసి లేదని ఆ తమ్ముడు అన్నాడు. తమ్ముడూ, కరెంటు స్తంభం ఎక్కడ ఆగిపోయిందో ఆ పోస్టులో ఉంది. ఏ ప్రభుత్వ నివేదిక ఆ మూడొందల గజాలు లెక్కపెట్టింది? కాన్పులు చీకట్లో జరిగేవని ఉంది. ఒక రచయితకి తన సంపాదన తనొక్కడిది కాదని ఎవరూ చెప్పకుండానే తెలుసని ఉంది. తిట్టు లేదు కాబట్టి రాజకీయం లేదనుకున్నావు.

మరి దాడుల మాట? ఆ మాటకీ జవాబు చెప్పాలి. కారంచేడు, 1985. చుండూరు, 1991. ఈ తేదీలు మనం మర్చిపోకూడదు. ఆ సాక్ష్యాలు ఎన్నిసార్లయినా చెప్పించుకోవాలి. ఎందుకంటే చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు 2014లో హైకోర్టులో కొట్టుకుపోయాయి. మన సాక్ష్యం ఎంత గట్టిగా ఉన్నా చాలదని తేలింది. కాబట్టి సాక్ష్యం ఆపే ప్రశ్నే లేదు. కానీ కోర్టు మనల్ని అడిగేది ఏమిటి? ఎన్ని గంటలకి, ఎంతమంది, చేతిలో ఏముంది, దెబ్బ ఎక్కడ తగిలింది. చనిపోయినవాడు ఏ పాట బాగా పాడేవాడో పోస్టుమార్టం రిపోర్టులో ఉండదు. ఎవరి పెళ్ళిలో వాడు డప్పు కొడుతుంటే ముసలమ్మలు లేచి ఆడారో ఎఫ్ఐఆర్‌లో రాయరు. అవి మనం రాయకపోతే మనవాళ్ళు రెండోసారి కూడా శవాలుగానే మిగిలిపోతారు. కోర్టు భాష కోర్టులో వాడదాం. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు కూడా ఆ భాషే అయితే, మన పిల్లలకి తాతముత్తాతలు దెబ్బలు తిన్న మనుషులుగా తప్ప ఇంకోలా తెలియరు.

ఇంకో ప్రమాదం ఉంది, అదీ చెప్తాను. ముసలితనం జ్ఞాపకాలకి చక్కెర కలుపుతుంది. "ఆ రోజులే వేరు" అనిపిస్తుంది. ఊరు అందంగా కనిపిస్తుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని ఏమని నిలదీశాడో చదివినవాళ్ళకి ఊరి మీద బెంగ పెట్టుకోవడం కుదరదు. నిజమే. కానీ మన పెద్దాయన బెంగ ఊరి మీద కాదు. పల్లె మీద. ఊరూ పల్లే రెండూ ఒకటి కాదని వేరే ఎవరికైనా చెప్పాలేమో గానీ మనకి చెప్పక్కర్లేదు. దండెం మీద ఆరేసిన తునకలు, తంగేడు చెక్క నానబెట్టిన లంద దగ్గర వాసన, వేసవిలో ఈతచాప ఆరుబయట వేసుకుని నాయనమ్మ చెప్పిన కథ, సండే స్కూల్లో పంచిన బిళ్ళలు. ఊరు మనకి పెట్టనివి ఇవన్నీ. ఊరి అనుమతి అడక్కుండా మనవాళ్ళు తయారుచేసుకున్న సంతోషాలు. వాటిని తలుచుకుంటే ఊరిని క్షమించినట్టు కాదు. ఊరు అంత చేసినా మనవాళ్ళ దగ్గర నవ్వు మిగిలిందని చెప్పినట్టు.

నేను ఒక్కటే పరీక్ష పెడతాను. జ్ఞాపకం చదువుతుంటే స్తంభం ఎక్కడ ఆగిందో కనపడాలి. అది కనపడితే చక్కెర ఎంత కలిసినా ఫర్వాలేదు. కనపడకపోతే అడగాలి.

అడగడం అన్నాను కాబట్టి మన మగ పెద్దలని కూడా ఒక మాట అడుగుతాను. మీ జ్ఞాపకాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. "రాత్రి పన్నెండుకి పదిమంది కామ్రేడ్లు వచ్చారు, తెల్లారేదాకా మాట్లాడుకున్నాం." బావుంది. ఆ పదిమందికి వండిందెవరు? బియ్యం ఉన్నాయా, అప్పు తెచ్చారా? పొద్దున్నే ఆమె కూలికి వెళ్ళిందా, మానేసిందా? చిన్న విషయాలు రాయమని నేను అడగడానికి ఇదొక ముఖ్యమైన కారణం. పెద్ద విషయాల్లో ఆడవాళ్ళు మాయమైపోతారు. ఉప్పు, పప్పు, చెప్పు లెక్క రాస్తే కనపడక తప్పదు. మరాఠీలో బేబీ కాంబ్లే, ఊర్మిళా పవార్ చేసింది ఇదే. బేబీ కాంబ్లే తన రాతలు భర్తకి కనపడకుండా ఇరవై ఏళ్ళు దాచుకుంది. ఊర్మిళా పవార్ తన పుస్తకానికి తల్లి అల్లిన వెదురు సామాను పేరు, 'ఆయదాన్' అని పెట్టుకుంది. మన తెలుగులో గోగు శ్యామల, టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథని 'నేనే బలాన్ని' అని పుస్తకం చేసింది. సదాలక్ష్మి మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా చేసిన మనిషి. ఆ పుస్తకం రాకపోతే ఆమె మనకి పదవుల జాబితాలో రెండు లైన్లు.

ఇంకా ఒక్క మాట. మనం రాయకపోయినా మనవాళ్ళు పుస్తకాల్లో ఉంటారు. పై కులాల జ్ఞాపకాల పుస్తకాల్లో చూడండి. కట్టెలు తెచ్చిన ఒకడు, బండి తోలిన ఒకడు, మోటకి తొండం కుట్టినవాడు, పురుడు పోసిన ముసలిది. పేరుండదు. మాటుండదు. ఒకవేళ ఉంటే "అయ్యగోరూ" ఒక్కటే. వాళ్ళ బాల్యం వెనక గోడ మీద బొమ్మల్లా మన తాతలు నిలబడి ఉంటారు. ఆ తొండం కుట్టినాయన సాయంత్రం ఇంటికెళ్ళి ఏం తిన్నాడో, ఏ జోకుకి నవ్వాడో, ఎవరిని ప్రేమించాడో రాయగలిగింది మనవాళ్ళే. అలా రాయగలిగినవాళ్ళు ఇవాళ డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. చాలామందికి బళ్ళో పంతులు తోచినట్టు వేసిన పుట్టినరోజే తప్ప సొంత పుట్టినరోజు లేదు. పెళ్ళి ఎప్పుడంటే "ఉప్పెనకి ముందు ఏడు" అంటారు, అంటే 1976. ఆ లెక్క తెలిసిన తరం వెళ్ళిపోతే 1977 ఉప్పెన పుస్తకాల్లో ఉంటుంది గానీ ఆ పెళ్ళి ఎక్కడా ఉండదు.

మాస్టారూ, ఈ పోస్టు మీరు చూస్తారని తెలుసు. ఆ సత్తు పళ్ళెం సంగతి సగంలో వదిలేశారు. పేరు చెక్కుకున్నాక వార్డెను ఏమన్నాడో చెప్పలేదు.

తమ్ముడూ, నీకొక పని. నువ్వు రోజూ దాడుల మీద పోస్టులు పెడుతున్నావు, అవి ఆపకు. దాంతోపాటు ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డింగ్ నొక్కు. వివక్ష గురించి మొదట అడగొద్దు. అలా అడిగితే సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. మొదటి చెప్పులు ఎప్పుడు కొనుక్కున్నావు తాతా అని అడుగు. మొదటి సినిమా ఏది నాయనమ్మా, టిక్కెట్టు డబ్బులు ఎవరిచ్చారు అని అడుగు. కరెంటు వచ్చిన రాత్రి ఏం చేశారో అడుగు. చెప్పనీ, మధ్యలో అడ్డం రావొద్దు. వివక్ష ఎక్కడ రావాలో అక్కడ అదే వస్తుంది. చెప్పుల దగ్గరే వస్తుంది చూడు.

రికార్డు చేసినవి టైపు చేసి కామెంట్లలో పెట్టండి. మంచివి నా క్లాసులో చదివిస్తాను. సిలబస్‌లో లేదని ఎవరైనా అంటే నేను చూసుకుంటాను.

వచ్చే ఆదివారం కలుద్దాం.

జై భీమ్.